స్మార్ట్ మోటార్ యాప్ ఎవరూ వాడట్లేదా? ముందు మోటార్ వేసే మనిషిని చూడండి

బెంగళూరు మారతహళ్ళి అపార్ట్‌మెంట్లలో సంపు మోటార్‌కి స్మార్ట్ కంట్రోలర్ పెట్టాం, సర్వే ఫారం పంపితే అందరూ సూపర్ అన్నారు, నెల తిరిగేసరికి యాప్ తెరిచేవాళ్ళే లేరు అన్నారు కదండి. నాకు అనిపించేది ఏంటంటే, ఫారం నింపింది ఫ్లాట్ ఓనర్లు, రోజూ స్విచ్ వేసేది వాచ్‌మన్. ఆయన ఫోన్‌లో డేటా ఉందా, ఇంగ్లిష్ స్క్రీన్ చదవగలడా, ఎవరైనా చూశారా?

ఇంకో ఫారం మాత్రం పంపకండి ప్లీజ్. తెల్లారి మోటార్ వేసే టైముకి వెళ్ళి పక్కన నిలబడండి, ట్యాంకర్ వస్తే ఏం చేస్తున్నాడు, ట్యాంక్ నిండిందని ఎలా తెలుస్తోంది (చాలాచోట్ల ఓవర్‌ఫ్లో పైపులోంచి నీళ్ళు పడే చప్పుడే గుర్తు), కరెంట్ పోయి వైఫై కూడా పోతే అప్పుడేంటి, ఇవన్నీ రాసుకోండి. తర్వాత యాప్ చేతికిచ్చి, మనసులో అనుకునేది పైకి చెప్తూ చెయ్యమనండి. మధ్యలో మీకు సాయం చెయ్యబుద్ధవుద్ది, ఆగండి, ఆయన తడబడ్డ చోటే మీకు కావాల్సింది.

వందమంది అక్కర్లేదు. ఐదుగురితో టెస్ట్ చేస్తే చాలా ఇబ్బందులు బయటపడతాయని సైట్లు, యాప్‌లు వాడటం ఎంత తేలికో పరీక్షించే నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు, కాకపోతే ఆ ఐదుగురూ ఒకే రకం యూజర్లు అయ్యుండాలి, అంటే వాచ్‌మన్లు వేరు, ఓనర్లు వేరు. దొరికినవి సరిచేసి మళ్ళీ టెస్ట్ చెయ్యండి.

కన్నడ బాగా వచ్చినవాళ్ళని తోడు తీసుకెళ్ళండి. వీడియో తీసేముందు అడగండి, ఓనర్లకి చూపించం అని మాటివ్వండి, లేకపోతే ఉద్యోగానికి ఏమవుతుందోనని అంతా బాగుంది సార్ అనేస్తాడు.