మనవాళ్ల రక్తమే ఎక్కించినా హెపటైటిస్-బి భయం ఉంటుందా?

ప్రశ్న: రెండున్నర నెలల కిందట నా భార్యకు సిజేరియన్ అయింది. రక్తం బాగా పోవడంతో రెండు యూనిట్లు ఎక్కించారు. బయటి రక్తం వద్దనుకుని మా బామ్మర్ది, అతని ఫ్రెండ్ ఇచ్చారు. ఆ ఫ్రెండ్ అంతకు పది రోజుల ముందే టాటూ వేయించుకున్నాడని ఇప్పుడు తెలిసింది. చాలా టెన్షన్‌గా ఉంది. హెపటైటిస్-బి వచ్చి ఉంటుందా? పాపకు పాలు ఇవ్వొచ్చా? - ఓ పాఠకుడు, ఖమ్మం

సమాధానం: ముందు పాలు మాత్రం ఆపకండి. తల్లిపాల వల్ల హెపటైటిస్-బి సోకదు. పాపకు పుట్టిన రోజు వేసే టీకా, తర్వాత 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ (హెపటైటిస్-బి టీకా కూడా కలిసి ఉండే టీకా) రక్షణ ఇస్తాయి. కార్డు తీసి చూడండి, ఏదైనా డోసు తప్పి ఉంటే ఈ వారమే వేయించండి.

ఇక రక్తం సంగతి. మన దేశంలో దాత ఇచ్చిన ప్రతి యూనిట్‌కీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి, కాబట్టి భయం చాలా తక్కువ. కానీ పూర్తిగా లేదని చెప్పలేను. వైరస్ ఒంట్లోకి చేరిన కొత్తలో కొన్ని వారాల పాటు మామూలు పరీక్షకు దొరకదు, దీన్నే విండో పీరియడ్ అంటాం. వైరస్ జన్యు పదార్థాన్నే నేరుగా పట్టే నాట్ అనే పరీక్ష ఈ గడువును తగ్గిస్తుంది, అయితే అది అన్ని బ్లడ్ బ్యాంకుల్లోనూ ఉండదు. శుభ్రంగా లేని టాటూ సూదితో ఈ వైరస్ ఒంట్లోకి చేరొచ్చు, అందుకే టాటూ వేయించుకున్నవాళ్లను ఏడాది దాకా రక్తం ఇవ్వొద్దంటారు, దాతలు నింపే ఫారంలో ఆ ప్రశ్న కూడా ఉంటుంది. ఆపరేషన్ థియేటర్ బయట పేషెంట్ బంధువులంతా చుట్టూ నిలబడి "తొందరగా ఇవ్వు బాబూ" అంటుంటే, రక్తం ఇచ్చే కుర్రాడు ఫారం చదవకుండానే అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టడం నేను చాలాసార్లు చూశాను. మనవాళ్ల రక్తమే మంచిదనే నమ్మకం సరికాదు, ఎవరి ఒత్తిడీ లేకుండా తరచూ ఇచ్చే స్వచ్ఛంద దాతల రక్తమే ఎక్కువ సురక్షితం.

ఆ అబ్బాయిని తిట్టకండి, నచ్చజెప్పి పరీక్షకు తీసుకెళ్లండి. మీ టెన్షన్ తీరడానికి దగ్గర దారి అదే. రక్తంలో వైరస్ ఉందేమో చూసే హెచ్‌బీఎస్ఏజీతో పాటు, ఎప్పుడైనా సోకిందేమో చెప్పే యాంటీ-హెచ్‌బీసీ టోటల్ కూడా చేయించాలి. ఇన్ని వారాలు గడిచాక రెండూ నెగెటివ్ వస్తే, ఆ రోజు అతని రక్తంలో ఈ వైరస్ లేదనే అనుకోవచ్చు. ఫలితం ఎలా ఉన్నా బ్లడ్ బ్యాంకుకు టాటూ విషయం చెప్పండి, ఎందుకంటే అదే యూనిట్ నుంచి తీసిన ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇంకెవరికో ఎక్కించి ఉండొచ్చు.

మీ భార్యకు గర్భంతో ఉన్నప్పుడు హెచ్‌బీఎస్ఏజీ చేసే ఉంటారు. పాత ఫైల్లో ఆ రిపోర్టు వెతకండి. అప్పుడు నెగెటివ్ వచ్చి, ఇప్పుడు పాజిటివ్ వస్తే కొత్తగా సోకిందని అర్థం. ఈ పరీక్ష నిమిషాల్లో చూసే ర్యాపిడ్ కిట్ మీద కాకుండా, ల్యాబ్‌లో చేసే ఎలైజా పద్ధతిలో ఇప్పుడొకసారి, రక్తం ఎక్కించి ఆరు నెలలయ్యాక మరోసారి చేయించండి. ఇప్పుడు నెగెటివ్ వస్తే టీకా మొదలుపెట్టొచ్చు, ఇప్పుడు, నెలకు, ఆరు నెలలకు మూడు డోసులు. శాంపిల్ ఇచ్చాకే టీకా వేయించుకోవాలి, లేకపోతే టీకా వల్లే కొద్ది రోజులు పాజిటివ్ చూపించే అవకాశం ఉంది.

ఒకవేళ పాజిటివ్ వచ్చినా హడలిపోవద్దు. పెద్దవాళ్లలో నూటికి 95 మంది దాకా ఈ వైరస్‌ను తమంతట తామే వదిలించుకుంటారు. ఆరు నెలలు దాటినా పోకపోతే లివర్ డాక్టర్ దగ్గర ఫాలోఅప్‌లో ఉండాలి, అవసరమైన వాళ్లకు జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో మందులు ఉచితం. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సయించకపోయినా, పసరు తాగించడం, చేతికి వాత పెట్టించడం లాంటివి చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీరు ఇంతవరకు టీకా వేయించుకోకపోతే ఆమెతో పాటే వేయించుకోండి.