ఫిట్స్ మాత్రలు మానేయమంటున్నారు... (పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ జవాబులు)

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. పదో తరగతి నుంచి ఫిట్స్ ఉన్నాయి. లెవెటిరాసెటామ్ 500 మిల్లీగ్రాముల మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నాను. రెండేళ్లుగా ఫిట్స్ రాలేదు. ఇప్పుడు నాకు రెండో నెల. ఈ మాత్రలు వాడితే బిడ్డ అవకరంతో పుడుతుందని మా అత్తగారు భయపడుతున్నారు. రెండు రోజులుగా మానేశాను. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: పత్రిక వచ్చేదాకా ఆగవలసిన ప్రశ్న కాదు కనుక మీకు ముందే విడిగా సమాధానం పంపాము. మాత్ర వెంటనే మళ్లీ మొదలుపెట్టండి, మానేసినవన్నీ కలిపి ఒకేసారి వేసుకోకండి, ఆ రోజే మీ న్యూరాలజిస్టుతో మాట్లాడండి అన్నదే దాని సారాంశం. ఇదే సందేహంతో ఉన్న మరికొందరి కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మీ అత్తగారి భయం ఊరికే పుట్టింది కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి వచ్చి, వేవిళ్లకు కూడా వాడిన థాలిడోమైడ్ అనే మందు వల్ల, 1961 చివర్లో దాన్ని అక్కడ వెనక్కి తీసుకునేలోగా, పలు దేశాల్లో వేలాదిమంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా ఎదగకుండా పుట్టారు. ఫిట్స్ మందుల్లోనూ వాల్ప్రోయేట్ అనేది ఉంది. గర్భంతో ఉండగా దాన్ని వాడిన తల్లులకు పుట్టే ప్రతి వందమంది పిల్లల్లో సుమారు పదిమందికి వెన్నెముక, గుండె, అంగిలి వంటి చోట్ల పెద్ద లోపాలు కనిపిస్తాయి. 30 నుంచి 40 మందికి మాటలు, నడక, చదువు వెనకబడవచ్చు. అందుకే పిల్లలు కావాలనుకునే స్త్రీలకు, వేరే దారి ఉన్నంతవరకు, దాన్ని రాయరు. అయితే ఏ మందూ వాడని తల్లులకు పుట్టే పిల్లల్లోనూ వందకు ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. మీరు వాడుతున్న లెవెటిరాసెటామ్, అలాగే లామోట్రిజిన్, ఇంచుమించు ఆ లెక్క దగ్గరే ఉంటాయి. కాబట్టి ‘ఫిట్స్ మాత్రలు’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

మాత్ర మానేస్తే వచ్చే ప్రమాదం గురించి మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పెద్ద ఫిట్ వచ్చినప్పుడు తల్లి పడిపోయి పొట్టకు దెబ్బ తగలవచ్చు. ఊపిరి సరిగా ఆడక బిడ్డకు ప్రాణవాయువు తగ్గవచ్చు. ఫిట్స్ ఆగకుండా వస్తే ఇద్దరి ప్రాణాలకూ ముప్పే. పైగా నెలలు నిండేకొద్దీ రక్తంలో ఈ మందుల శాతం పడిపోతుంది కనుక, కొందరికి మోతాదు తగ్గించడం కాదు, పెంచవలసి వస్తుంది. బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా వేసుకునే ఫోలిక్ యాసిడ్ ఎంత మోతాదులో కావాలో అడగండి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం గర్భం నిలిచిన 28 రోజులకే మూసుకుంటుంది, అంటే చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంటుంది. అందుకే ఆ మాత్ర గర్భానికి ముందే మొదలుపెట్టడం మేలు. 18-20 వారాల మధ్య, బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో చూసే టిఫా స్కాన్ తప్పకుండా చేయించుకోండి.

ఇక పుట్టిన బిడ్డ సంగతి. ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, కార్బమజపైన్ వాడే తల్లుల బిడ్డల్లో విటమిన్ కె తగ్గి రక్తస్రావం కావచ్చు. పుట్టగానే తొడకు వేసే 1 మిల్లీగ్రాము ఇంజెక్షన్ దానికోసమే, అది ప్రతి బిడ్డకూ అవసరం. ఫినోబార్బిటాల్ తల్లుల బిడ్డలు మొదట మగతగా ఉండి సరిగా చీకరు, తర్వాత చిరాకుగా ఏడుస్తారు. మీ మందుతో ఆ ఇబ్బంది తక్కువ. చనుపాలు నిశ్చింతగా ఇవ్వండి. నిద్ర చాలకపోతే ఫిట్స్ వస్తాయి కనుక రాత్రి ఒక పూట పాలు పిండి ఇచ్చి, పట్టే పని అత్తగారికి అప్పగించండి. బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసే పనీ ఆవిడకే వదిలేయండి, ఒంటరిగా మీరు చేయవద్దు.

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల. నడుము నొప్పికి మందుల షాపులో ఇచ్చిన మాత్రలు నాలుగు వేసుకున్నాను. స్ట్రిప్ కత్తిరించి ఇచ్చారు, ‘డైక్లో’ అని సగం పేరే కనిపిస్తోంది. ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అది డైక్లోఫెనాక్ అయి ఉండాలి. ఇక వేసుకోకండి. కడుపులోని బిడ్డకు ఊపిరితిత్తులతో పని ఉండదు కనుక, రక్తం వాటిని తప్పించుకుని గుండె దగ్గరి ఒక చిన్న నాళం గుండా పోతుంది. ఆ నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాలనే ఈ నొప్పి మాత్రలు తగ్గిస్తాయి. చివరి నెలల్లో అది ముందే ముడుచుకుంటే బిడ్డ గుండె మీద భారం పడుతుంది. ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే కాబట్టి, ఈ మందులతో బిడ్డ కిడ్నీలు మందగించి ఉమ్మనీరు కూడా తగ్గవచ్చు. అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో 20 వారాల తర్వాత వీటిని తప్పించమని హెచ్చరించింది. నాలుగు మాత్రలకే కీడు జరిగిందని బెంగపడకండి, ఈ వారంలోనే ఉమ్మనీరు చూపించుకోండి. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చాలు. నొప్పి వచ్చిపోతూ వస్తుంటే అది పురిటి నొప్పి కావచ్చు, ఆసుపత్రికి వెళ్లండి. బీపీ ముప్పు ఉందని డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు, దాన్ని మానకండి. స్ట్రిప్ మీద పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మీకే ఇమ్మని షాపులో అడగడం మీ హక్కు.

ప్రశ్న: డిప్రెషన్‌కు గర్భంతో ఉన్నన్నాళ్లూ సెర్ట్రలైన్ వేసుకున్నాను. బాబు పుట్టిన రెండో రోజు నుంచి చేతులు వణికించాడు, ఉలిక్కిపడి ఏడ్చాడు. మందు ప్రభావమే అన్నారు. ఇది శాశ్వతంగా ఉంటుందా?
- పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: ఉండదు. ఈ తరహా మందులు చివరి నెలల దాకా వాడినప్పుడు కొంతమంది పిల్లల్లో ఇలా కనిపించి, సాధారణంగా రెండు వారాల్లోపు తగ్గిపోతుంది. రక్తంలో చక్కెర తగ్గినా వణుకు వస్తుంది కనుక ఆ పరీక్ష చేశారో లేదో అడగండి. బాబును గుండెలకు హత్తుకుని, చీకటి గదిలో, చప్పుడు లేకుండా ఉంచండి. సెర్ట్రలైన్ పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది కాబట్టి పాలూ మాత్రా రెండూ కొనసాగించండి. వణికే చేతిని మీరు పట్టుకున్నా కుదుపు ఆగకపోతే అది ఫిట్స్ కావచ్చు. అలా జరిగినా, పాలు తాగకపోయినా, ఊపిరి వేగంగా తీసుకున్నా, రాత్రి అని చూడకుండా తీసుకెళ్లండి.