టవల్ వేసిన మనిషిని వదిలే ముందు

చిన్నా,

నువ్వు బాక్సింగ్ కోచ్‌ని మార్చబోతున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. అంత పేరున్న జిమ్ వాళ్ళు పిలిచి మరీ రమ్మన్నారంటే ఛాతీ ఉప్పొంగింది. ఆ వెంటనే గుండెల్లో రాయి పడింది. "ఆయన నాకు డిఫెన్స్ నేర్పలేదు, అందుకే ఓడిపోయాను" అన్నావట కదా. అందులో నిజం ఉంది. నువ్వు పైకి అనని ఇంకో సంగతి కూడా ఉంది, దానికి తర్వాత వస్తాను.

పాత కాంట్రాక్టు గడువు చూసుకో, ఆయనకి ఇవ్వాల్సింది ఇచ్చెయ్యి, వెళ్ళేదుంటే ఎదురుగా నిలబడి చెప్పు. ఇవి నీకు తెలియనివి కావు.

అసలు విషయానికొస్తాను. నీ గత పోటీ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. జాబ్, అదే ముందు చేత్తో తిన్నగా కొట్టే దెబ్బ, వెళ్ళేటప్పుడు ఎంత బాగుందో, ఆ చెయ్యి వెనక్కి వచ్చేటప్పుడు అంత ఘోరంగా ఉంది. చెంప దగ్గరికి రావాల్సిన చెయ్యి నడుము మీదుగా వస్తోంది. కుడిచేత్తో కొట్టాక పాదాలు అక్కడే పాతుకుపోతున్నాయి. ఎదుటివాడు మీదికొస్తే పక్కకి జరగవు, గడ్డం పైకెత్తి తిన్నగా వెనక్కి పోతావు. డిఫెన్స్ అంటే గ్లవ్స్ మొహానికి అడ్డం పెట్టుకోవడమని చాలామంది అనుకుంటారు. అది పాదాల్లో మొదలవుతుంది. కొట్టిన చోట నిలబడకపోవడమే సగం డిఫెన్స్.

ఇప్పుడు నువ్వో పని చెయ్యాలి. నీ పాత పోటీలన్నీ శబ్దం ఆపేసి చూడు. జనం కేకలు వినిపిస్తే మన కన్ను మనం కొట్టిన దెబ్బల మీదికే పోతుంది. నీకు తగిలిన దెబ్బల్ని మాత్రమే లెక్కపెట్టు, మొదటి రెండు రౌండ్లవి వేరుగా, చివరి రెండు రౌండ్లవి వేరుగా. మొదట్లో తప్పించుకుని చివర్లో తింటుంటే నీకు డిఫెన్స్ వచ్చు, దమ్ము చాలట్లేదు. దానికి కోచ్‌ని మార్చక్కర్లేదు, పొద్దున పరుగు పెంచు. మొదటి రౌండు నుంచే అదే దెబ్బ, అదే చోట తగులుతుంటే అది అలవాటు. అప్పుడు మీ జిమ్‌లో మిగతా కుర్రాళ్ళని చూడు. వాళ్ళకీ అదే కుడిచెయ్యి తగులుతోందా? అయితే లోపం నేర్పేవాడిది. నీ ఒక్కడికే తగులుతోందా? అయితే చెప్పినా నువ్వు వినట్లేదు. నేను చూసినంతలో నీది అలవాటే. పైగా మీ జిమ్ కుర్రాళ్ళంతా కొట్టాక అలాగే నిలబడిపోతున్నారు. కాబట్టి మీ కోచ్‌ని నేను వెనకేసుకు రావట్లేదు. ఆయన కొట్టడం నేర్పే మనిషి.

అయినా ఆగమంటున్నాను. ఎందుకో విను.

మైక్ టైసన్ కొట్టిన దెబ్బలే అందరికీ గుర్తుంటాయి. కుర్రతనంలో అతన్ని కొట్టడమే కష్టంగా ఉండేది. కస్ డమాటో దగ్గర, తర్వాత కెవిన్ రూనీ దగ్గర నేర్చుకున్న ఆ తల కదలికే అతని డిఫెన్స్. 1988లో స్పింక్స్‌ని 91 సెకన్లలో పడగొట్టాక రూనీని తీసేశాడు. ఆ తర్వాత తల కదలడం తగ్గుతూ వచ్చింది. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ కొట్టిన జాబ్‌లన్నీ తిని టైసన్ పదో రౌండులో పడిపోయాడు. నేర్చుకున్నది మర్చిపోయాడా? లేదు. రోజూ గుర్తుచేసే మనిషి పక్కన లేడు, అంతే. డిఫెన్స్ ఒకసారి వచ్చేస్తే ఉండిపోయే విద్య కాదు, దానికి కాపలా కావాలి.

కోచ్‌ని మార్చి బాగుపడ్డవాళ్ళూ ఉన్నారు. హెవీవెయిట్ బాక్సర్ వ్లాదిమిర్ క్లిచ్‌కో, ఇమాన్యుయెల్ స్టీవార్డ్ అనే కోచ్ దగ్గరికి చేరాక, 2004లో మొదటి పోటీలోనే బ్రూస్టర్ చేతిలో ఓడిపోయాడు. నువ్వయితే ఆ మర్నాడే ఇంకో జిమ్ వెతుక్కునేవాడివి. అతను అక్కడే ఉన్నాడు. మరుసటేడు శామ్యూల్ పీటర్ చేతిలో మూడుసార్లు కింద పడి, లేచి గెలిచాడు. ఆ తర్వాత అతన్ని ఓడించడానికి 2015లో టైసన్ ఫ్యూరీ అనే బ్రిటిష్ బాక్సర్ రావాల్సి వచ్చింది. జాబ్‌తో దూరం పెట్టడం, దగ్గరికొస్తే మీదపడి పట్టెయ్యడం, ఇవి ఒక్క శిక్షణ క్యాంపులో అబ్బినవి కావు. మార్పు పనిచేసింది, నిజమే. పనిచేసేదాకా ఒకచోట నిలబడ్డాడు గనక పనిచేసింది.

నిలబడనివాడి కథ నేను దగ్గరుండి చూశాను. మా జిమ్‌లో నాతోపాటు ఉండేవాడు. పేరు రాయను, నీ చిన్నప్పుడు మనింటికి వచ్చిపోతుండేవాడు. ఎడమ హుక్, అంటే మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ, కొడితే బ్యాగు గొలుసులు మోగేవి. వాడికీ నీలాగే డిఫెన్స్ తక్కువ. ఒక పోటీలో ఓడిపోయాడు, మొహం వాపు తగ్గకముందే కోచ్‌ని మార్చేశాడు. అప్పటిదాకా రెండు గ్లవ్స్ చెంపలకి ఆనించి, మోచేతులు పక్కటెముకలకి తగిలించి ఆడేవాడు. కొత్తాయన షోల్డర్ రోల్ నేర్పుతానన్నాడు. అది చూడ్డానికి ఎంత అందంగా ఉంటుందో నీకు తెలుసు. ఎడమచెయ్యి పొట్టకి అడ్డంగా, గడ్డం ఎడమ భుజం వెనక, బరువు వెనక కాలి మీద, వచ్చిన కుడిచేతి దెబ్బని భుజం తిప్పి జార్చెయ్యడం. మేవెదర్ చేస్తే చూస్తూ కూర్చోవచ్చు. కానీ మేవెదర్ దాన్ని చిన్నతనం నుంచి బాక్సర్ల ఇంట్లో పుట్టి నేర్చుకున్నాడు. మావాడికి దొరికింది కొద్ది వారాలు, ఆపైన పోటీ.

కోచ్ చేతికి తొడుక్కునే ప్యాడ్స్ మీద బాగానే వచ్చేది. మేం చూసి చప్పట్లు కొట్టేవాళ్ళం కూడా. పోటీలో రెండు రౌండ్లు బాగానే గడిచాయి. అలసట మొదలయ్యాక ఒంటికి పాత అలవాటూ కొత్త అలవాటూ ఒకేసారి గుర్తొచ్చాయి. ఎడమచెయ్యి కొత్త పద్ధతిలో కిందికి దిగింది, భుజం మాత్రం పాత పద్ధతిలో తిరగకుండా ఉండిపోయింది. గడ్డం ఊరికే గాలిలో ఉంది. ఆ రాత్రి తిన్నన్ని కుడిచేతి దెబ్బలు వాడు జీవితంలో అంతకుముందెప్పుడూ తినలేదు. మళ్ళీ ఓడాడు, మళ్ళీ కోచ్‌ని మార్చాడు. మూడో ఆయన ఇంకో గార్డ్, అంటే చేతులు అడ్డం పెట్టుకునే పద్ధతి, నేర్పాడు. ప్రతి కొత్త కోచ్ ముందూ తనేమిటో చూపించుకోవాలని స్పారింగ్‌ని, అదే జిమ్‌లో సాధన కోసం ఆడే పోటీని, యుద్ధంలా ఆడేవాడు. వాణ్ణి దెబ్బతీసినవి పోటీలు కావు చిన్నా, ఎవరూ లెక్కపెట్టని ఆ జిమ్ దెబ్బలు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతాడు. రెండుసార్లూ కొత్తగా అడిగినట్టే జవాబు చెబుతాను.

అందుకే నాకు నీ ర్యాంకింగ్ కన్నా నీ తల గురించి బెంగ. హెడ్‌గార్డ్ పెట్టుకుంటాను కదా బాబాయ్ అంటావు. అది చర్మం చీలకుండా కాపాడుతుంది, లోపల మెదడు కుదుపుని ఆపదు. 2013లో అమెచ్యూర్ బాక్సింగ్ అంతర్జాతీయ సమాఖ్య వాళ్ళే మగవాళ్ళ సీనియర్ పోటీల్లో దాన్ని తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్ళు అది లేకుండానే ఆడారు. బాక్సర్లలో ఈ తడబాటు, ఈ మతిమరుపు గురించి మార్ట్‌లాండ్ అనే డాక్టరు 1928లోనే రాశాడు. తెలియదనడానికి ఎవరికీ వీల్లేదు.

ఇక నువ్వు పైకి అనని మాట. ఆ రాత్రి ఐదో రౌండులో మీ కోచ్ పోటీ ఆపమని రింగులోకి టవల్ వేశాడు. నీకు కోపం దాని మీద. డిఫెన్స్ అన్నది తర్వాత దొరికిన కారణం. నేను ఆ రౌండు ఎన్నిసార్లు చూశానో! నీ కాళ్ళలో పట్టు లేదు, దెబ్బ తగిలాక నీ చేతులు లేవడం ఆలస్యమవుతోంది. ఇంకో నిమిషం ఆగినా నేను ఈ ఉత్తరం వేరేలా రాయాల్సి వచ్చేదేమో. 2020 ఫిబ్రవరిలో ఫ్యూరీతో పోటీలో అమెరికన్ బాక్సర్ వైల్డర్ తరఫున ఏడో రౌండులో అతని కోచ్‌లలో ఒకడైన మార్క్ బ్రెలాండ్ టవల్ వేశాడు. వైల్డర్ అతన్ని తీసేశాడు. మరుసటేడు మళ్ళీ ఫ్యూరీతోనే ఆడి, పదకొండో రౌండులో నాకౌట్ అయ్యేదాకా దెబ్బలు తిన్నాడు. గుండె ధైర్యం గొప్పదే, కానీ నాకు చూడ్డానికి చేతకాలేదు. జాబ్ ఎలా వెనక్కి తేవాలో నేర్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. తన పేరు పోయినా సరే, నీకు కోపం వచ్చినా సరే అని టవల్ వేసేవాడు దొరకడం కష్టం రా.

కాబట్టి ఇలా చెయ్యి. ఆయన దగ్గరికి వెళ్ళి, డిఫెన్స్ కోసం ఇంకో మనిషిని పక్కన పెట్టుకుందామని అడుగు. పోటీలో నీ కార్నర్‌లో, అంటే రింగు మూలలో, పెద్దగా మాత్రం ఆయనే ఉండాలి, రౌండుకీ రౌండుకీ మధ్య ఆ ఒక్క నిమిషంలో రెండు గొంతులు వినిపించకూడదు. ఆరునెలలు పోటీ ఒప్పుకోకు. ఆ ఆరునెలలూ ఒక్క గార్డే, ఒక్క పాదాల పనే. ఎదుటివాడు కొట్టాలి, నువ్వు తిరిగి కొట్టకూడదు అనే పద్ధతిలో మెల్లగా స్పారింగ్ చెయ్యి. నీ పొగరుకి అది కష్టమని తెలుసు. అయినా చెయ్యి.

అహం అడ్డొచ్చి ఆయన ఒప్పుకోకపోతే వెళ్ళు, నా ఆశీస్సులు నీ వెంటే. కొత్త జిమ్‌కి వెళ్తే గోడ మీద ఛాంపియన్ ఫోటోలు చూడకు, అక్కడి కోచ్ దగ్గరున్న మామూలు కుర్రాళ్ళని చూడు, కొట్టాక వాళ్ళు ఎక్కడ నిలబడుతున్నారో చూడు. స్పారింగ్‌లో ఎవడికైనా కళ్ళు తిరిగితే ఆయన ఆపుతున్నాడా, లేక అరుస్తున్నాడా గమనించు. నిన్ను ఎప్పుడు పోటీకి దింపుతాడో ఆయన్ని అడుగు. రెండు నెలల్లో అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

ఎవరి దగ్గరున్నా సరే, ఇప్పుడు మాత్రం స్పారింగ్ ఆపు. ఓడాక ఆడొద్దని పెట్టిన మెడికల్ సస్పెన్షన్ అయిపోయింది కదా అనకు. తలనొప్పి ఇంకా వస్తోందని వదిన అంది. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళు, నిజం చెప్పు, ఆయన సరేననేదాకా గ్లవ్స్ ముట్టుకోకు. ఈ ఉత్తరం అమ్మకి చూపించకు, కంగారుపడుతుంది. డాక్టర్ ఏమన్నాడో అదే రోజు సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ బాబాయ్