‘మింగేసిన’ అన్న మాట దగ్గర ఆగాను

అమలాపురం

అమ్మాయీ,

ఆశీస్సులు. పచ్చని చేలు రొయ్యల చెరువులైపోవడం మీద నువ్వు రాసిన వ్యాసం, దాంతో పాటు రొయ్యల మందుల షాపులో ఇచ్చారంటూ నువ్వు పెట్టిన కరపత్రం అందాయి. ఇందులో మోసం ఎక్కడుందో చూపించమన్నావు. చూపిస్తాను. అయితే నీ వ్యాసాన్ని కూడా అదే కళ్లతో చదివాను. కోపం తెచ్చుకోకు.

ముందు కరపత్రం సంగతి. పైన దోసిలి నిండా రొయ్యలు, కిలోకి ముప్పై తూగేంత పెద్దవి. కింద ఎర్రటి అక్షరాలతో ‘తెల్లమచ్చకు చెక్!’ అని ఉంది. తగ్గిస్తుందని అన్నాడా? లేదు. రాకుండా ఆపుతుందన్నాడా? అదీ లేదు. ఆ రెండూ మనమే అనుకుంటాం. తెల్లమచ్చ రొయ్యలకి వైరస్ వల్ల వచ్చే జబ్బు, చెరువుకి సోకాక నయం చేసే మందు లేదు. పరీక్ష చేయించిన సీడ్, అంటే రొయ్య పిల్లలు, తెచ్చుకోవడం, పీతలు రాకుండా చుట్టూ కంచె వేయడం, పక్షులు వాలకుండా పైన దారాలు కట్టడం లాంటి ముందు జాగ్రత్తలే రైతు చేతిలో ఉన్నవి. అందుకే ఆ వాక్యానికి క్రియ పెట్టలేదు. క్రియ ఉంటే ఎప్పుడు, ఎంత, ఎలా అని మనం నిలదీయొచ్చు. ‘చెక్’ని ఏమని నిలదీస్తాం?

పక్కనే ‘రైతు మాట’ అని ఒక డబ్బా. ఫొటో ఉంది, ఊరి పేరు ఉంది. ఎన్నెకరాల చెరువు, ఎకరాకి ఎంత సీడ్ వదిలాడు, ఏ నెలలో రొయ్యలు పట్టాడు అన్నవి లేవు. అదే మందు వాడిన పక్క చెరువు రైతు ఊసే లేదు. ఇక అట్టడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఫలితాలు అందరికీ ఒకేలా ఉండవని ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటన ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి. మొదటి తప్పుకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఇది మీ ఊళ్లో పదిమందికీ చెప్పు.

ఈ కిటుకులు నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవి కావు. రాయడం మొదలుపెట్టిన కొత్తలో డబ్బుకి ఇబ్బందై ఒక మందుల కంపెనీకి ఇలాంటివే రాసిచ్చాను. ‘ఆలస్యం చేస్తే చెరువు ఖాళీ’ అన్న వాక్యం నాదే. మా మేనమామ ఆ కాగితం జేబులో పెట్టుకుని వచ్చి, “నువ్వు రాసిందేనంట కదరా, ఇంక ఆలోచించేదేముంది” అన్నాడు. అప్పు చేసి డబ్బాలు కొన్నాడు. ఆ పంట పోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇన్నేళ్లయినా ఆ గట్టు మీదకి వెళ్లాలంటే నాకు కాళ్లు రావు.

వార్తలు చదివేటప్పుడు అబద్ధం కోసం వెతక్కు. ఏ నిజాన్ని ఏరుకున్నారో చూడు. రొయ్య రైతు బాగున్నాడని చెప్పదలచినవాడు 30 కౌంట్ ధర వేస్తాడు. చితికిపోయాడని చెప్పదలచినవాడు 100 కౌంట్ ధర వేస్తాడు. కిలోకి ముప్పై తూగే రొయ్యకీ వంద తూగే రొయ్యకీ ధరలో ఎంత తేడా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఇద్దరూ నిజమే రాశారు. మాటలూ అంతే. 2011లో మన కోనసీమ రైతులు గిట్టుబాటు కాక ఖరీఫ్ సాగు ఆపేస్తే ‘క్రాప్ హాలిడే’ అన్నారు. మనకి దాని బాధ తెలుసు. ఎక్కడో దూరాన చదివినవాళ్లకి మాత్రం హాలిడే అంటే సెలవే.

ఇప్పుడు నీ వ్యాసం. ‘పచ్చని చేలను మింగేసిన చెరువులు’ అని మొదలుపెట్టావు. చదవగానే గుండె పట్టేసింది, నిజం. కానీ చెరువు తనంతట తను మింగదమ్మా. ఎవరో తవ్వించారు, ఎవరో లీజుకిచ్చారు, ఎవరో సంతకం పెట్టారు. ఆ ఒక్క క్రియ వాళ్లందరినీ దాచేసింది. పైన కరపత్రంవాడు క్రియ ఎగ్గొట్టి చేసిన పని, నువ్వు మంచి క్రియ వేసి చేశావు. నువ్వు కావాలని చేయలేదని నాకు తెలుసు, నీ కోపం న్యాయమైనదే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పక్క చెరువు ఉప్పు దిగి చేను పోయిన కౌలు రైతు గురించి మూడు పేజీలు బాగా రాశావు. మీ వీధి ఆడవాళ్లు తెల్లారకుండా ఆటో ఎక్కి రొయ్యల షెడ్డుకి తలలు తీయడానికి వెళ్తారని పోయినసారి నువ్వే చెప్పావు. వాళ్లు వ్యాసంలో ఎక్కడా లేరు. చెరువులు పోతే వాళ్ల కూలి ఏమవుతుందో, వాళ్లేమంటారో అడుగు. నీ వాదనకి అడ్డొచ్చినా సరే, వాళ్ల మాటలు వాళ్ల నోట వచ్చినట్టే రాయి.

‘మింగేసిన’ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి కాగితాలు తిరిగి పంపుతున్నాను. కరపత్రం మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. దాళ్వా వరి కోతలు అయ్యేలోగా తిరగరాసి పంపు, చూస్తాను. అమ్మానాన్నగార్లని అడిగానని చెప్పు.

మీ మాస్టారు