రూపాయి–డాలర్ రేట్ల చరిత్ర చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. మా అమ్మాయి మహబూబ్‌నగర్‌లో ఎం.ఏ. ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. వచ్చే ఏడాది ప్రాజెక్టుకు రూపాయి–డాలర్ మారకపు రేట్ల చరిత్రను తీసుకుంటానని పట్టుబడుతోంది. చుట్టాలేమో పాత రేట్లు ఫోన్‌లో ఎవరికైనా దొరుకుతాయి, వాటితో ఉద్యోగమేమొస్తుంది, గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో కోచింగ్‌లో చేర్పించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ప్రాజెక్టును అడ్డుకోకండి. రేట్లు ఎవరికైనా దొరుకుతాయన్న మీ చుట్టాల మాట నిజమే కాని, దొరికిన అంకె దేన్ని సూచిస్తోందో, ఎందుకు మారిందో చెప్పగలిగేవారు తక్కువ. ఉద్యోగమిచ్చేవారు చూసేది ఆ శక్తినే.

1947లో ఒక రూపాయి ఒక డాలర్‌తో సమానమన్న మాట ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. అప్పటికి రూపాయి ముడిపడి ఉన్నది డాలర్‌తో కాదు, బ్రిటిష్ పౌండ్‌తో. రూపాయికి 1 షిల్లింగ్ 6 పెన్నీలన్న లెక్కన (షిల్లింగ్‌కు 12 పెన్నీలు, పౌండ్‌కు 20 షిల్లింగులు) పౌండ్‌కు 13.33 రూపాయలు పడేవి. పౌండ్ విలువ 4.03 డాలర్లు కాబట్టి, డాలర్‌కు 3 రూపాయల 30 పైసలకు కొంచెం పైనే అవుతుంది. 1949 సెప్టెంబరులో పౌండ్ విలువను 2.80 డాలర్లకు తగ్గించినప్పుడు రూపాయి కూడా దానితోపాటే దిగి, డాలర్ 4.76 రూపాయలయింది. ఈ రెండు భాగహారాలు చేసి చూపగలిగిన విద్యార్థిని ఆ పుకారును రెండు నిమిషాల్లో తేల్చేస్తుంది.

అంతకంటే సూక్ష్మమైన చిక్కు 1966లో ఉంది. ఆ ఏడాది జూన్ 6న ప్రభుత్వం డాలర్ రేటును 4.76 నుంచి 7.50 రూపాయలకు మార్చింది. వార్షిక సగటుల పట్టికలో మాత్రం 1966కు ఎదురుగా 6 రూపాయల 30 పైసలకు పైన ఏదో అంకె కనిపిస్తుంది. ఆ ఏడాదిలో ఏ ఒక్క రోజూ ఆ అధికారిక రేటు లేదు. అది రెండు రేట్లను రోజుల లెక్కన కలిపితే వచ్చిన సగటు మాత్రమే. అలాగే, ఆ మార్పును ఒకరు 36.5 శాతమని రాస్తే, మరొకరు 57.5 శాతమని రాస్తారు. ఇద్దరూ సరిగానే రాశారు: మొదటిది రూపాయి విలువలో తరుగు, రెండోది డాలర్ ధరలో పెరుగుదల. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్న ఆర్థికవేత్త ఇలాంటి చోటే ప్రశ్న వేస్తారు.

1991 జూలై 1న, 3న రెండు విడతలుగా జరిగిన విలువ తగ్గింపును మన పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వం ఎందుకు చేపట్టవలసి వచ్చిందో మీ అమ్మాయి తప్పక రాయాలి. దిగుమతులకు చెల్లించవలసిన విదేశీ మారక నిల్వలు కొద్ది వారాలకు మించి సరిపోని స్థితి అది. డాలర్ దాదాపు 21 రూపాయల నుంచి 26 దగ్గరకు చేరింది. ఆ తర్వాత 1992 మార్చి నుంచి ఏడాది పాటు దేశంలో ఒకేసారి రెండు రేట్లు నడిచాయి. ఎగుమతిదారులు తెచ్చిన డాలర్లలో 40 శాతాన్ని అధికారిక రేటుకు అప్పగించి, మిగిలిన 60 శాతాన్ని మార్కెట్ రేటుకు అమ్ముకునేవారు. 1993 మార్చిలో రెండూ కలిసిపోయాయి. కాబట్టి ఆ ఏడాది రేటెంతని అడిగితే, ఏ రేటని ఎదురడగడమే సరైన జవాబు.

ఆమెకు ఇష్టమైతే మన ప్రాంతానికే చెందిన అధ్యాయమొకటి చేర్చవచ్చు. నిజాం పాలన చివరి కాలంలో ఇక్కడ చెల్లింది హాలీ సిక్కా అనే నిజాం సొంత రూపాయి. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవారు. 6 కల్దార్ రూపాయలకు 7 హాలీ రూపాయలు, అంటే 100కు సుమారు 116 రూపాయల 10 అణాలు. కోదాడ దాటి బ్రిటిష్ ఇండియాలోని జగ్గయ్యపేటకు సరుకు తీసుకెళ్లిన వర్తకునికి ఇది రోజువారీ లెక్క. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఆ కాలపు దస్తావేజులు ఉన్నాయి, అయితే ఉర్దూ, పారసీ చదివేవారి సాయం కావాలి.

ఇక ఉద్యోగాల సంగతి. రిజర్వ్ బ్యాంక్ గ్రేడ్–బి ఆఫీసర్ పోస్టుల్లో ఆర్థిక పరిశోధన విభాగానికి విడిగా నియామకం జరుగుతుంది. జనరల్ అభ్యర్థులకు ఎకనామిక్స్ పీజీలో 55 శాతం మార్కులు, 21–30 ఏళ్ల వయసు ఉండాలి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ మరొక దారి. రెండింటిలోనూ పోస్టులు కొద్దే. పోటీ మాత్రం దేశవ్యాప్తం. వీటిని నమ్ముకుని మిగతావన్నీ వదిలేయమని నేను చెప్పను. బ్యాంకు పీఓ పరీక్ష కూడా రాయనివ్వండి. బ్యాంకులో చేరాక ట్రెజరీ (బ్యాంకు సొంత నిధులను చూసే విభాగం), విదేశీ మారక విభాగాల వైపు వెళ్లవచ్చు, బ్యాంకు ఉద్యోగులకు పరీక్షలు పెట్టే ఐఐబీఎఫ్ సంస్థ ఇచ్చే విదేశీ మారక సర్టిఫికెట్ అక్కడ పనికొస్తుంది. మందులు ఎగుమతి చేసే హైదరాబాద్ కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లో కూడా ఈ పని ఉంటుంది. బోధన వైపు మొగ్గితే అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ రాయాలి.

కోచింగ్ విషయంలో చుట్టాల మాటను సగమే తీసుకోండి. ఇప్పుడే గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పిస్తే పీజీ మార్కులు దెబ్బతిని, పైన చెప్పిన 55 శాతమే చేజారవచ్చు. ఈ ఏడాది ఆ డబ్బులో కొంత కంప్యూటర్‌కు పెట్టండి. ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక గణాంక పద్ధతులు), కాలశ్రేణుల విశ్లేషణ (కాలక్రమంలో అంకెలు మారిన తీరును పరిశీలించడం), ఆర్ లేదా పైథాన్ అనే కంప్యూటర్ భాష నేర్చుకోకుండా ఈ ప్రాజెక్టు చేస్తే అది వట్టి పట్టికల పుస్తకమే అవుతుంది. అంకెలను రిజర్వ్ బ్యాంక్ డేటాబేస్ నుంచే తీసుకోవాలి. రోజువారీ రిఫరెన్స్ రేటును (లెక్కలకు ప్రామాణికంగా తీసుకునే రేటు) 2018 జూలై నుంచి ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) అనే సంస్థ ప్రకటిస్తోందన్న సంగతి ఫుట్‌నోట్‌లో రాయాలి. నామమాత్రపు రేటుతోనే, అంటే మామూలుగా చెప్పుకునే మారకపు రేటుతోనే ఆగకుండా, ధరల తేడాలను కూడా లెక్కలోకి తీసుకుంటూ 40 దేశాల కరెన్సీలతో రిజర్వ్ బ్యాంక్ కట్టే సూచీని పక్కన పెట్టి చూపాలి. రేపటి డాలర్ ధర చెబుతానని మాత్రం ప్రాజెక్టులో రాయకూడదు. గైడ్ అడిగినా ఒప్పుకోవద్దనే నా సలహా.

చివరగా, ఈ విషయంపై ఆసక్తి చూపేవారి ఫోన్లకు ఫారెక్స్ ట్రేడింగ్ పేరుతో టెలిగ్రామ్ ఆహ్వానాలు వస్తుంటాయి. అనుమతి లేని వేదికల జాబితాను రిజర్వ్ బ్యాంక్ 2022 నుంచి ప్రకటిస్తోంది. ఆ జాబితాలో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. అలాంటి వాటిలో డబ్బు పెడితే పోవడమే కాక, విదేశీ మారక లావాదేవీలను నియంత్రించే ఫెమా చట్టం కింద చర్య కూడా ఎదుర్కోవలసి రావచ్చు. ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న పిల్లకు ఆ తలనొప్పి అసలు వద్దు.