కొత్త ఇల్లు ముందే కొంటే పన్ను మినహాయింపు పోతుందా?

ప్రశ్న: మేముంటున్న ఫ్లాటు కొని తొమ్మిదేళ్లయింది. నా పేరూ నా భార్య పేరూ కలిపి ఉంది. బ్యాంకు లోను ఇంకా నడుస్తోంది. ఈమధ్య మాకు బాగా నచ్చిన ఇల్లొకటి దొరికింది. ఫ్లాటు అమ్మేదాకా ఆగితే అది చేజారేలా ఉంది. దాని ఓనరు ఇప్పుడే అగ్రిమెంటు రాసుకుని మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోమంటున్నారు. ముందు కొనేసి తర్వాత అమ్మితే పన్ను మినహాయింపు రాదని ఒకరు, వస్తుందని ఒకరు చెబుతున్నారు. ఈలోపు మా ఫ్లాటు అమ్ముడుపోకపోతే కట్టిన అడ్వాన్సు సంగతేమిటి?

జవాబు: ఫ్లాటు అమ్మితే వచ్చే లాభం మీద పన్నుకు మినహాయింపు వస్తుంది. అమ్మిన డబ్బుతోనే కొనాలి కదా అని చాలామంది అనుకుంటారు గాని, చట్టంలో అలా లేదు. ఆదాయపు పన్ను చట్టం, 1961లోని సెక్షన్ 54 ప్రకారం పాత ఇల్లు అమ్మిన తేదీకి ఏడాది ముందు నుంచి, అమ్మాక రెండేళ్ల వరకు ఎప్పుడు కొన్నా సరే. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. సెక్షన్ నంబరు మారింది గాని ఈ గడువులు అవే. మీరు లోను తీసుకుని కొన్నా ఇబ్బంది లేదు. ఫ్లాటు మీద వచ్చిన లాభం కన్నా కొత్త ఇంటి ఖరీదు ఎక్కువైతే సాధారణంగా పన్నే ఉండదు, తక్కువైతే మిగిలిన లాభానికి కట్టాలి.

అసలు మెలిక ఆ 'ఏడాది' దగ్గరుంది. కొత్త ఇల్లు ఈ జూన్ 10న మీ పేరు మీదికి వచ్చిందనుకోండి. పాత ఫ్లాటు సేల్ డీడ్ వచ్చే ఏడాది జూన్ 10 లోపు రిజిస్టర్ కావాలి. వారం దాటినా ఆ ఇల్లు ఇక లెక్కలోకి రాదు. మంచి రేటు కోసం ఎదురుచూస్తూ పదకొండో నెల దాకా వచ్చి అప్పుడు పరుగెత్తేవాళ్లను చూశాను. మొదటి నెల కాదన్న రేటుకే చివరి నెల ఒప్పుకోవాల్సి వస్తుంది.

దీని మీద సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, 2014లో వచ్చింది, సంజీవ్ లాల్ కేసు. వాళ్లు 2002 డిసెంబరులో పాత ఇంటికి అగ్రిమెంటు రాసి అడ్వాన్సు తీసుకున్నారు, 2003 ఏప్రిల్‌లో కొత్త ఇల్లు కొన్నారు. ఈలోపు పాత ఇంటి మీద వీలునామా తగాదా వచ్చి కోర్టు అమ్మకాన్ని ఆపింది. సేల్ డీడ్ 2004 సెప్టెంబరులో గాని కాలేదు. అంటే ఏడాది దాటిపోయింది. అయినా అగ్రిమెంటు తేదీనే లెక్కలోకి తీసుకుని మినహాయింపు ఇచ్చారు. మీకూ అమ్మకం అగ్రిమెంటు చేతిలో ఉండి, మీ తప్పు లేకుండా ఆలస్యమైతే ఈ తీర్పు పనికొస్తుంది. కాని దీన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి. వాళ్లు ఆ మినహాయింపు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

గడువు నిజంగానే దాటిపోతే చేతులెత్తేయనక్కర్లేదు. అమ్మిన ఆరు నెలల్లోపు 54ఈసీ బాండ్లలో (పాత చట్టం సెక్షన్ పేరుతో పిలిచే, లాభం మీద పన్ను తప్పించే ప్రభుత్వ సంస్థల బాండ్లు) 50 లక్షల దాకా పెట్టొచ్చు, డబ్బు ఐదేళ్లు కదలదు. లేదంటే పన్ను కట్టేయడమే. ఇండెక్సేషన్ (పెరిగిన ధరలకు తగ్గట్టు కొన్న ఖరీదును పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతమా, ఇండెక్సేషన్‌తో 20 శాతమా అన్నది రెండూ వేసి చూడమని మీ ఆడిటరును అడగండి. మీ ఫ్లాటు 2024 జులై 23కు ముందు కొన్నదే కాబట్టి, మీరు ఇక్కడ నివాసి అయితే తక్కువది ఎంచుకోవచ్చు.

ఇక అడ్వాన్సు. నాకు పన్ను కన్నా ఎక్కువ భయం ఇక్కడే. మీ దృష్టిలో ఇవి ఒకదానికొకటి ముడిపడ్డ లావాదేవీలు. చట్టం దృష్టిలో మాత్రం కొనే అగ్రిమెంటు వేరు, అమ్మే అగ్రిమెంటు వేరు. 'మా ఫ్లాటు పోలేదండీ' అన్నది ఆ ఓనరుకు జవాబు కాదు. కాగితంలో రాసుకున్నదాన్ని బట్టి ఆయన అడ్వాన్సు ఉంచేసుకోవచ్చు. అంతేకాదు, ఒప్పుకున్నట్టు కొనమని కోర్టులో దావా వేసే హక్కూ ఆయనకుంది.

అందుకే అగ్రిమెంటులోనే ఒక షరతు రాయించండి: 'కొనుగోలుదారుల ఫలానా ఫ్లాటు ఫలానా తేదీలోపు అమ్ముడుపోకపోతే ఈ ఒప్పందం రద్దవుతుంది, అడ్వాన్సు ఇన్ని రోజుల్లో వాపసు ఇవ్వాలి.' ఇలాంటి షరతుతో కూడిన ఒప్పందాలకు కాంట్రాక్టు చట్టం చోటిచ్చింది, 31 నుంచి 35 దాకా సెక్షన్లు చూడొచ్చు. ఓనరు ఒప్పుకోకపోవచ్చు, ఆయన స్థానంలో నేనున్నా వెంటనే ఒప్పుకోను. అప్పుడు బేరం మార్చండి. మూడు నెలలకు బదులు ఆరు నెలలు అడగండి, అడ్వాన్సు తగ్గించండి, రద్దయితే ఎంత వదులుకోవాలో అంకె ముందే రాసుకోండి.

ఆ కాగితంలో మాట కూడా ముఖ్యమే. సుప్రీంకోర్టు 2012లో సతీష్ బత్రా కేసులో చెప్పిందేమిటంటే, మాట నిలబెట్టుకుంటామన్న హామీగా ఇచ్చిన బయానా అయితే అమ్మేవాడు జప్తు చేసుకోవచ్చు, ఉత్తి అడ్వాన్సో, ధరలో కొంత భాగమో అయితే కుదరదు. 'ఇచ్చిన మొత్తమంతా బయానా' అని టైప్ చేసి తెచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టకండి. టైపిస్టు పాత ఫార్మాట్‌లోంచి దింపిన లైను మీ లక్షలు పట్టుకుపోతుంది.

మీ ఫ్లాటు సంగతి చూద్దాం. ఒరిజినల్ పత్రాలు బ్యాంకులో ఉన్నాయి కాబట్టి కొనేవాళ్లు ముందు అడిగేది వాటి గురించే. బాకీ ఎంతో లెటరు తీసుకుని సిద్ధంగా పెట్టుకోండి, కొనేవాళ్ల బ్యాంకు నేరుగా మీ బ్యాంకుకు కట్టేలా ఏర్పాటు చేసుకోవచ్చు. బాకీ మొత్తం తీరాక 30 రోజుల్లో పత్రాలు తిరిగివ్వాలి, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. డబ్బు పూర్తిగా రాకముందు మాత్రం తాళాలివ్వొద్దు.

కొత్త ఇంటి ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే ఓనరుకు ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ మీరే పట్టి కట్టాలి. ఇది మర్చిపోతే నోటీసు వచ్చేది మీకే.

చివరగా పేర్లు. ఫ్లాటు లాభం ఇద్దరి చేతుల్లోకీ వస్తుంది కాబట్టి కొత్త ఇల్లు కూడా ఇద్దరి పేరునే కొనండి. మీ అబ్బాయి పేరునో అమ్మాయి పేరునో పెట్టాలనిపించినా ఇప్పుడొద్దు. మూడేళ్లలోపు ఆ కొత్త ఇల్లు అమ్మినా, ఇప్పుడు ఆదా అయిన పన్ను అప్పుడు కట్టాల్సి వస్తుంది.