ముందు పెట్టె ఎక్కడ పెట్టావో చూడు బిడ్డా

హన్మకొండ

చిరంజీవి బిడ్డకు దీవెనలు.

కరీంనగర్‌లో మీ సెంటర్‌కు కొత్త 3 టెస్లా (అయస్కాంత బలం కొలత) ఎమ్మారై యంత్రం వచ్చిందని, మెదడు గడ్డల కేసుల్లో స్పెక్ట్రోస్కోపీ నిన్నే చేయమన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. మామూలు ఎమ్మారై గడ్డ ఎక్కడుందో, ఎంతుందో చూపిస్తుంది. స్పెక్ట్రోస్కోపీ ఆ గడ్డలో ఏ రసాయనం పెరిగిందో, ఏది తగ్గిందో చెబుతుంది, అదీ పుర్రె తెరవకుండా. వరంగల్‌లో పనిచేసినన్నాళ్లూ నేను పిల్లలకు చెప్పింది ఒకటే. కణాల పొరలు వేగంగా తయారయ్యే చోట పెరిగే కోలిన్ ఎంత, బతికున్న నరకణాలకు గుర్తయిన ఎన్‌ఏఏ ఎంత అని తర్వాత మాట్లాడుకుందాం, ముందు వోక్సెల్, అంటే కొలత తీసే పెట్టె, ఎక్కడ పెట్టారో చూపించండి అని. నీకూ అదే చెబుతున్నా.

ఒక్క యాక్సియల్ (అడ్డంగా కోసినట్టుండే) బొమ్మ మీద పెట్టె గీసి సరిపోయిందనుకోకు. మూడు దిక్కులా చూడు. యాక్సియల్‌లో గడ్డ నడుమ కనిపించే పెట్టె కరోనల్‌లో (ముందు నుంచి నిలువుగా కోసినట్టుండే బొమ్మలో) చూస్తే సగం వెంట్రికల్ (మెదడు లోపలి గది) నీళ్లలో ఉండొచ్చు. గడ్డ లోపల చచ్చిపోయి మెత్తబడిన చోట పెడితే లిపిడ్ (కొవ్వు), లాక్టేట్ (ఆక్సిజన్ అందని చోట పేరుకునే రసాయనం) తప్ప ఏమీ రాదు. కోలిన్ పెరగలేదని రాసేస్తారు. ఆ పక్కనే బతికున్న గడ్డ పెరుగుతూనే ఉంటుంది. గట్టిగా ఉన్న భాగం, కాంట్రాస్ట్ తీసుకున్న అంచు, ఏడీసీ (డిఫ్యూజన్ స్కాన్‌లో నీటి కదలిక కొలత) తగ్గిన చోటు చూసి అక్కడ పెట్టు. కాంట్రాస్ట్ మందులోని గాడోలినియం కోలిన్ పీక్‌ను (స్పెక్ట్రమ్ గీతలో దాని శిఖరాన్ని) కొంచెం తగ్గించవచ్చు కాబట్టి కాంట్రాస్ట్‌కు ముందే చేయడం నాకిష్టం. అంచు తెలియని గడ్డ అయితే కాంట్రాస్ట్ ఇచ్చాకే చేయి, కానీ ఆ సంగతి రిపోర్టులో రాయి. బయాప్సీ అనుకున్న కేసైతే దానికి ముందే స్పెక్ట్రమ్ తీయాలి. తర్వాత అక్కడ రక్తం చేరితే నీకేమీ దొరకదు.

చిన్న గడ్డ వచ్చినప్పుడు పెట్టెను కుదించాలనిపిస్తుంది. ఈ లెక్క గుర్తుంచుకో. 2 సెంటీమీటర్ల పెట్టెకు టీఆర్ (ఒకసారి తీశాక మళ్లీ తీసేదాకా పట్టే సమయం) 1500 మిల్లీసెకన్లు, 128 సార్లు సగటు తీస్తే 3 నిమిషాల 12 సెకన్లు పడుతుంది. అదే పెట్టెను ప్రతి వైపూ 1 సెంటీమీటర్‌కు తగ్గిస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతు, సిగ్నల్ కూడా ఎనిమిదో వంతే. ఎన్నిసార్లు తీస్తే దాని వర్గమూలం మేరకే శుభ్రత పెరుగుతుంది కాబట్టి, పాత నాణ్యత రావాలంటే 64 రెట్లు సమయం కావాలి. అంటే మూడు గంటల పైమాట. ఏ పేషెంటూ అంతసేపు కదలకుండా పడుకోడు. 1.5 సెంటీమీటర్ల దగ్గర ఆగి, సగటు పెంచుకో. అంతకంటే చిన్నదైతే ఇక్కడ నమ్మదగిన స్పెక్ట్రమ్ రాదని డాక్టరుకు చెప్పు. అలా చెప్పడం కూడా నీ పనే.

పుర్రె ఎముక, గాలి ఉన్న సైనస్‌లు, రక్తం, కాల్షియం పేరుకున్న చోట్లు, ఆపరేషన్ క్లిప్పులు ఇవన్నీ షిమ్‌ను, అంటే అయస్కాంత క్షేత్రం సమంగా ఉండేలా చేసిన సర్దుబాటును, చెడగొడతాయి. నీటి పీక్ వెడల్పుగా ఉంటే ముందుకు పోకు. మెదడులో నీళ్లు మనం వెతికే రసాయనాల కంటే వేల రెట్లు ఎక్కువ. ఆ నీటిని సరిగా అణచలేకపోతే బేస్‌లైన్ వంగిపోతుంది, ఆ వంపు మీద సాఫ్ట్‌వేర్ ఏదో ఒక అంకె ఇస్తూనే ఉంటుంది. ఆ అంకెతో పాటు క్రేమర్-రావ్ శాతం (ఆ అంకెలో కనీసం ఎంత తప్పు ఉండొచ్చో చెప్పే అంచనా) కూడా వస్తే చూడు. 20 దాటితే ఆ అంకెను చాలామంది లెక్కలోకి తీసుకోరు.

3 టెస్లా మీద ఇంకో చిక్కుంది. స్పెక్ట్రమ్ అడ్డగీత కొలత పీపీఎమ్‌లో ఉంటుంది కదా, కోలిన్ 3.2 పీపీఎమ్ దగ్గర, లాక్టేట్, లిపిడ్ 1.3 దగ్గర ఉంటాయి. వాటి నడుమ దూరం 240 హెర్ట్జ్ దాకా ఉంటుంది. అందుకని పల్స్‌ను బట్టి లిపిడ్ కోసం యంత్రం చూసే పెట్టె, నువ్వు తెర మీద గీసిన పెట్టె కంటే కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. పుర్రెకు ఆనుకుని పెట్టావంటే తల చర్మం కింది కొవ్వు లోపలికొస్తుంది. అది చూసి గడ్డలో కుళ్లు ఉందని, లేదా క్షయ గడ్డ అని రాసే ప్రమాదం ఉంది. ఆ కొవ్వు సిగ్నల్‌ను అణిచే శాచురేషన్ బ్యాండ్లు నాలుగు వైపులా పెట్టు.

ఇక టీఈ, అంటే పల్స్ ఇచ్చాక సిగ్నల్ అందుకునేదాకా ఆగే సమయం గురించి. 30 మిల్లీసెకన్ల దగ్గర తీస్తే మయో-ఇనోసిటాల్, లిపిడ్, గ్లుటమేట్ అన్నీ వస్తాయి, సంతలో అందరూ ఒకేసారి మాట్లాడినట్టు. 144 దగ్గర తీస్తే బేస్‌లైన్ చదునుగా ఉంటుంది, లాక్టేట్ జంట పీక్ తలకిందులవుతుంది, లిపిడ్ కాదు. స్పెక్ట్రమ్‌లో రెండూ ఒకే చోట ఉంటాయి గనుక ఈ తేడా బంగారం లాంటిది. కానీ 3 టెస్లాలో ఇందాక చెప్పిన జరుగుడు వల్ల 144 దగ్గర లాక్టేట్ చిన్నబోయి, ఒక్కోసారి మాయమైపోవచ్చు. అనుమానం ఉంటే 288 దగ్గర మళ్లీ తీయి, అక్కడ అది నిటారుగా వస్తుంది.

మన దగ్గర ఎక్కువ జాగ్రత్త పడాల్సింది క్షయ దగ్గర. ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల నుంచి ఫిట్స్‌తో వచ్చే మనిషి మెదడులో ఉంగరంలా మెరిసే గడ్డ కనిపిస్తే అది గ్లయోమా (మెదడులోనే పుట్టిన కణితి) కావచ్చు, వేరే చోటి క్యాన్సర్ పాకింది కావచ్చు, చీము గడ్డ కావచ్చు, క్షయ గడ్డ కావచ్చు. ఒకరికి ఆపరేషన్, ఒకరికి నెలల తరబడి టీబీ మందులు. క్షయ గడ్డలో పెద్ద లిపిడ్ పీక్ వస్తుంది, ఎన్‌ఏఏ దాదాపు ఉండదు. చీము గడ్డలో 0.9 దగ్గర అమైనో ఆమ్లాలు, ఒక్కోసారి 1.9 దగ్గర ఎసిటేట్ కనిపిస్తాయి. గడ్డ బయట వాపులో కూడా ఒక పెట్టె పెట్టు. అక్కడా కోలిన్ పెరిగితే గ్లయోమా చుట్టూ పాకుతోందని అనుమానించాలి, పాకివచ్చిన క్యాన్సర్‌లో అలా పెరగకపోవడమే ఎక్కువ. అయితే క్షయలో కూడా కోలిన్ కొంత పెరగొచ్చు, మైలిన్ పొర చెడే జబ్బుల్లోనూ పెరుగుతుంది. స్పెక్ట్రమ్ ఒక్కటే చూసి పేరు పెట్టే రిపోర్టు నాకు నచ్చదు. ఛాతీ ఎక్స్‌రే, డిఫ్యూజన్, వెన్ను నీటి పరీక్ష వీటి పక్కన పెట్టి చదవాలి.

నిష్పత్తి దగ్గర కూడా జాగ్రత్త. కోలిన్ భాగించు ఎన్‌ఏఏ పెద్దగా వచ్చిందంటే కోలిన్ పెరిగిందనే కాదు, ఎన్‌ఏఏ పడిపోయి ఉండొచ్చు. పక్షవాతం వచ్చిన చోట కూడా అలా వస్తుంది. పోలికకు వాడే క్రియాటిన్ కూడా గడ్డల్లో మారుతుంది, దాన్ని నమ్మకమైన కొలబద్ద అనుకోకు. అవతలి వైపు అదే చోట, అదే కొలతలో ఇంకో పెట్టె తీసి, కోలిన్‌ను కోలిన్‌తో పోల్చు. ఇంకో నాలుగు నిమిషాలు పడుతుంది, పట్టనీ. ఇంకెక్కడో వేరే యంత్రం మీద తేల్చిన హద్దును తెచ్చి నీ టీఈకి అంటించకు.

రేడియేషన్ అయ్యాక మళ్లీ మెరుపు కనిపించిన కేసులకు ఒక్క పెట్టె చాలదు, బహుళ వోక్సెల్ గ్రిడ్ వేయి. ఒకే గడ్డలో ఒక మూల తిరగబెట్టిన కణితి, ఇంకో మూల రేడియేషన్‌తో చచ్చిన కణజాలం ఉంటాయి.

2-హైడ్రాక్సీగ్లుటరేట్ అడిగే డాక్టర్లు ఉంటారు. ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉన్న గ్లయోమాల్లో ఈ రసాయనం 2.25 దగ్గర వస్తుంది, 2012 నుంచి మనుషుల్లో కొలుస్తున్నారు. దానికి తగ్గట్టు సర్దిన సీక్వెన్స్, తగినంత పెద్ద గడ్డ ఉంటేనే చేయి. కనబడలేదంటే లేదని రాయకు.

పేషెంటు దగ్గర ఓపిగ్గా ఉండు. రాత్రి బస్సెక్కి వచ్చి, ఏమీ తినక టెన్షన్‌తో ఉంటారు. ఎన్ని నిమిషాలు కదలకూడదో ముందే చెప్పు, తల పక్కన దిండ్లు సర్దు, ప్రతి సీక్వెన్స్‌కూ మధ్య మాట్లాడు. మెదడు వాపు తగ్గించే మ్యానిటాల్ మందు ఎక్కించారా అని కేస్‌షీట్‌లో చూడు, 3.8 దగ్గర దాని పీక్ వచ్చి తికమక పెడుతుంది. బయట నిలబడ్డ కొడుకు “గడ్డేనా మేడం?” అని అడిగితే జాలితో సగం మాట చెప్పకు. ఏ డాక్టరు, ఎన్ని గంటలకు మాట్లాడతారో చెప్పి, అక్కడిదాకా తీసుకెళ్లు.

చంటిపిల్లల కేసు వస్తే నాకు ఫోన్ చేయి. పుట్టిన కొత్తలో కోలిన్ ఎక్కువ, ఎన్‌ఏఏ తక్కువ ఉండడం సహజమే, పెద్దల స్పెక్ట్రమ్‌తో పోల్చితే లేని జబ్బు కనిపిస్తుంది. ప్రతి కేసుకూ పెట్టె పెట్టిన మూడు బొమ్మలూ, రా డేటా, టీఈ, టీఆర్ కలిపి దాచు. ఆరు నెలలకు అదే మనిషి మళ్లీ వస్తే అదే చోట, అదే కొలతలతో తీయాలి కదా.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు